స్క్రాచ్‌కు ఏ సూది: పాత షూర్‌ను బతికించుకోవాలా, కాంకార్డ్ కొనాలా?

సీమ_స్పిన్ (కడప)
అందరికీ నమస్కారం. రెండు టెక్నిక్స్ 1200 ఎమ్‌కే2 టర్న్‌టేబుళ్లు చేతికొచ్చాయి. వాటితోపాటు ఒక షూర్ ఎమ్44-7 కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచి, దాని కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) కూడా వచ్చింది గానీ దాని సూది పూర్తిగా అరిగిపోయింది. దానికి వేరే కంపెనీ సూది వేయించి, జతగా అలాంటిదే ఇంకొకటి వెతుక్కోవాలా? లేక రెండింటికీ ఆర్టోఫాన్ కాంకార్డ్ స్క్రాచ్ కొనేయాలా? పెళ్లిళ్లలో ల్యాప్‌టాప్ పెట్టి సెరాటో (కంట్రోల్ రికార్డును తిప్పుతూ ల్యాప్‌టాప్‌లోని పాటలను ఆడించే డీజే సాఫ్ట్‌వేర్) నడుపుతాను, ఇంట్లో అసలు రికార్డులతో స్క్రాచ్ (రికార్డును చేత్తో అటూ ఇటూ లాగి చప్పుళ్లు పుట్టించే డీజే విద్య) సాధన చేస్తాను. రెండు పనులూ ఒకే సూదితో జరగాలి. డబ్బు ఒక్కసారే పెట్టగలను.

బురుజు_బీట్స్ (కర్నూలు)
తమ్ముడూ, ఎమ్44-7ను వదలకు. 9.5 మిల్లీవోల్టుల సిగ్నల్ ఇస్తుంది. ఇంట్లో పాటలు వినే కార్ట్రిడ్జ్‌లు సాధారణంగా ఇచ్చేది అందులో సగమో, ఇంకా తక్కువో. అంతకన్నా గొప్ప సంగతి, సూది మీద పెట్టే బరువు 3 గ్రాములు మించకుండానే గాడిని అంటిపెట్టుకుని ఉంటుంది. చెయ్యి ఎంత మోటుగా వేసినా ఎగిరిపడదు. స్క్రాచ్ పోటీల్లో దిగేవాళ్లు ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకున్నారంటే ఊరికే కాదు. సూది దొరకదన్న భయం వద్దు. జపాన్‌లో జీకో వాళ్లు దానికి సరిపోయే సూదులు చేస్తున్నారు.

గడియారస్తంభం (అనంతపురం)
బురుజు అన్నా, మీ మాటలు 2018 వరకు చెల్లాయి. ఆ ఏడాది షూర్ కార్ట్రిడ్జ్‌ల వ్యాపారాన్నే వదిలేసింది. ఇప్పుడు ఈ తమ్ముడు రెండో ఎమ్44-7 కావాలంటే ఎవరో వాడి పక్కన పడేసినదే కొనాలి. ‘పెట్టె విప్పని అసలు సూది’ అని ఎవరైనా అమ్మజూపినా నేనైతే సంబరపడను. సూదిని మోసే సన్నని కడ్డీ వెనుక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. స్ప్రింగు పని అంతా దానిదే. వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది. మన ఎండల్లో రేకుల గదిలో ఉంచిన సరుకైతే ఇక చెప్పనక్కర్లేదు.

కాంకార్డ్ స్క్రాచ్ ఎమ్‌కే2 అయితే 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, 4 గ్రాముల బరువు పెట్టుకోవాలి. హెడ్‌షెల్ (టోన్‌ఆర్మ్ అనే చేతి కొసన కార్ట్రిడ్జ్‌ను బిగించే ముక్క), కార్ట్రిడ్జ్ కలిసి ఒకటే ముక్క. నాలుగు సన్న తీగలు తగిలించి, మరలు బిగించి, కొలత చూసుకునే తంటా లేదు. టోన్‌ఆర్మ్‌లో దూర్చి రింగు తిప్పితే చాలు. పెళ్లి పందిట్లో అరచీకట్లో సూది విరిగితే ఈ సుఖం విలువ తెలుస్తుంది.

బురుజు_బీట్స్ (కర్నూలు)
4 గ్రాములా! రికార్డులు ఎన్నాళ్లు మిగులుతాయి? పైగా మరలు బిగించడం రానివాడు స్క్రాచ్ ఏం చేస్తాడు? స్కేలు తీసుకుని హెడ్‌షెల్ కాలరు నుంచి సూది మొన వరకు 52 మిల్లీమీటర్లు చూసుకుంటే టెక్నిక్స్‌కు సరిపోతుంది. ఐదు నిమిషాల పని.

పాత_ప్లేట్లు (ప్రొద్దుటూరు)
మీ ఇద్దరూ పేర్ల మీద కొట్లాడుతున్నారు. ఆ అబ్బాయి మొదట చూడాల్సింది మొన ఆకారం. అన్నింటి చివరా ఉండేది వజ్రమే, తేడా అంతా దాన్ని చెక్కిన తీరులో ఉంది. గుండ్రని మొన గాడి గోడలకు కాస్త వెడల్పుగా ఆనుతుంది. ఎలిప్టికల్ (కోలగా చెక్కిన) మొనకు పక్కలు సన్నగా ఉంటాయి కాబట్టి పైస్థాయి స్వరాలను, తాళాల మెరుపును బాగా పలికిస్తుంది. నేను పాత ఎల్‌పీలు వినేది దాంతోనే. కానీ బరువంతా ఆ సన్నని అంచు మీదే పడుతుంది. రికార్డు ముందుకు తిరిగేటప్పుడు కడ్డీ వెనక వాలుగా లాగబడుతూ వస్తుంది. చేత్తో వెనక్కి తిప్పితే అదే కడ్డీకి ఎదురు పోటు తగులుతుంది, మొన గాడిని గీరుతుంది. అందుకే స్క్రాచ్‌కు గుండ్రని మొనే కావాలి. మీరు చెప్పిన రెండూ గుండ్రనివే కాబట్టి అక్కడ పేచీ లేదు. కాంకార్డ్‌లోనే క్లబ్ అనే రకం ఎలిప్టికల్, ధర చూసి పొరపాటున అది తీసుకోవద్దు నాయనా.

ఇంకొక మాట. ఏ సూది పెట్టినా ఒకే చోట వందసార్లు అటూ ఇటూ లాగితే ఆ చోట ‘సర్ర్’మనే చప్పుడు శాశ్వతంగా ఉండిపోతుంది. మీ తాతగారి ఘంటసాల ఎల్‌పీలు ఆ టర్న్‌టేబుల్ దరిదాపులకు తేవద్దు.

సీమ_స్పిన్ (కడప)
తేను పెద్దాయనా. ఒక సందేహం. సూది ఎగిరిపడుతుంటే హెడ్‌షెల్ మీద రూపాయి బిళ్ల అతికించమని ఒక మిత్రుడు చెప్పాడు. చేయవచ్చా?

గడియారస్తంభం (అనంతపురం)
అస్సలు వద్దు. 2011 నుంచి వస్తున్న రూపాయి బిళ్ల బరువు 3.79 గ్రాములు. 3 గ్రాములు పెట్టిన ఎమ్44-7 మీద అది అతికిస్తే దాదాపు 7 అవుతుంది. రబ్బరు కుంగి, కార్ట్రిడ్జ్ పొట్ట రికార్డుకు రాసుకుంటుంది. ఎగిరిపడుతోందంటే కారణం చాలాసార్లు వేరే చోట ఉంటుంది. బల్ల ఊగుతుండవచ్చు, బేస్ స్పీకరు బాక్సు బల్లకు ఆనుకుని ఉండవచ్చు, మొనకు దుమ్ము ఉండలా పట్టి ఉండవచ్చు. మా ఊరి గాలికి నేను ప్రతి పాటకూ బ్రష్షుతో వెనక నుంచి ముందుకు తుడుస్తాను. ఎదురు తుడిస్తే కడ్డీ వంగుతుంది. యాంటీ స్కేట్ (సూది రికార్డు మధ్యకు జారకుండా టోన్‌ఆర్మ్‌ను బయటికి తోసే అమరిక) సున్నాలో ఉంచు. చెయ్యి రెండు వైపులా లాగుతున్నప్పుడు ఒకే వైపు తోసే స్ప్రింగుతో పనేముంది?

పాత_ప్లేట్లు (ప్రొద్దుటూరు)
బరువు విషయంలో టోన్‌ఆర్మ్ వెనక ఉన్న అంకెలను గుడ్డిగా నమ్మవద్దు. మా ఊళ్లో బంగారం అంగళ్లకు కొదవా? అలాంటి చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. రికార్డు ఎంత ఎత్తులో ఉంటుందో దాదాపు ఆ ఎత్తులోనే కాటా ఉంచి తూచాలి.

బురుజు_బీట్స్ (కర్నూలు)
కాటా మంచి సలహా, ఒప్పుకుంటాను. కానీ సెరాటో నడిపేవాడికి ఈ సూక్ష్మాలన్నీ ఎందుకు? ఆ కంట్రోల్ రికార్డులో ఉండేది పాట కాదు, 1 కిలోహెర్ట్జ్ సంకేతం. తాళాల మెరుపుతో దానికి నిమిత్తం లేదు.

గడియారస్తంభం (అనంతపురం)
మెరుపు అక్కర్లేదు, సంకేతం శుభ్రంగా ఉండాలి. సెరాటో తెరలో వలయాలు కనిపిస్తాయి కదా, అవి గుండ్రంగా, స్థిరంగా ఉంటే సూది ఆరోగ్యంగా ఉన్నట్టు. నలిగి, వణికి, ఒక పక్కకు లాగేస్తుంటే సూదో, వైరో, అరిగిన రికార్డో తేల్చుకోవాలి. ఒక టర్న్‌టేబుల్‌కు పాత షూర్, రెండోదానికి ఇంకేదో పెడితే ఆ సర్దుబాటు రెండు రకాలు, సిగ్నల్ స్థాయి రెండు రకాలు. ఇంట్లో పాట మార్చిన ప్రతిసారీ మిక్సర్‌లో గెయిన్ మార్చుకోవాలి. అందుకే రెండింటికీ ఒకే జత అంటున్నాను. దానికి సూది ఏడాది తర్వాత కూడా కొత్తది దొరకాలి. పేరు ఏదైనా నాకు అభ్యంతరం లేదు.

బురుజు_బీట్స్ (కర్నూలు)
జీకో సూది కూడా దొరుకుతుంది కదా! ఒకటి మాత్రం నిజం. వినాయక నిమజ్జనంలో కేసీ కాలువ వైపు సాగే ట్రాక్టరు ట్రాలీ మీద ఏ సూదీ నిలవదు. ఆ రోజుకు కంట్రోలర్ (సూది, రికార్డు అక్కర్లేని డీజే యంత్రం) తీసుకుని వెళ్లు.

సీమ_స్పిన్ (కడప)
ట్రాలీ పని ఒప్పుకోను అన్నా. కాంకార్డ్ జతకే నిర్ణయించుకున్నాను, విడిగా ఒక సూది కూడా తెప్పిస్తున్నాను. కాటా ప్రొద్దుటూరులోనే తీసుకుంటాను.

బురుజు_బీట్స్ (కర్నూలు)
సరే, నీ ఇష్టం. ఆ ఎమ్44-7 నీకు పనికిరాదు కదా, సూది లేకపోయినా ఫర్వాలేదు. ధర చెప్పు, ఆదివారం బస్సెక్కి వస్తాను.