విద్యార్థులందరికీ ఒకే జూపిటర్ సర్వర్: భద్రత ఎలా?

ప్రశ్న:
మా ప్రయోగశాలలోని ఒకే ఉబుంటు యంత్రంపై జూపిటర్‌హబ్ (ఒకే సర్వర్‌ను పలువురు వాడుకునేలా చేసే సాఫ్ట్‌వేర్) పెట్టి విద్యార్థులందరికీ పైథాన్ నోట్‌బుక్‌లు, అంటే బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే పేజీలు, అందించాలనుకుంటున్నాము. ఒకరి ఫైళ్లు మరొకరికి కనబడకుండా, ఒక్కరి ప్రోగ్రామే మెమరీ అంతా మింగేయకుండా ఏ ఏర్పాట్లు చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
నోట్‌బుక్ ఇవ్వడమంటే టెర్మినల్ ఇవ్వడమేనండి; సెల్‌లో (నోట్‌బుక్‌లో కోడ్ రాసే గడిలో) రాసిన ఏ ఆదేశమైనా ఆ విద్యార్థి లైనక్స్ ఖాతాకున్న అధికారంతోనే నడుస్తుంది. కనుక ఒక్కొక్కరికీ వేరు ఖాతా ఇచ్చి, హోమ్ డైరెక్టరీకి 700 అనుమతి (యజమాని మాత్రమే తెరవగలిగేది) పెట్టి, సుడో (నిర్వాహక అధికారం) ఎవరికీ ఇవ్వకుండా ఉండడం తప్పనిసరి. ఇక మెమరీ సంగతి: ఒక్కొక్కరి నోట్‌బుక్ సర్వర్‌ను ప్రారంభించే భాగాన్ని స్పానర్ అంటారు; మొదట ఉండే లోకల్ ప్రాసెస్ స్పానర్ ఏ పరిమితినీ అమలు చేయదు కాబట్టి, లైనక్స్‌లోని సిస్టమ్‌డీ ద్వారా నడిపే సిస్టమ్‌డీ స్పానర్‌కు గానీ, ఒక్కొక్కరినీ కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే డాకర్ స్పానర్‌కు గానీ మారి, మెమరీకీ సీపీయూకూ హద్దులు నిర్ణయించండి. చిన్న తరగతికి సిస్టమ్‌డీ స్పానరే చాలునని నా అభిప్రాయం.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. జూపిటర్‌హబ్ 5వ వెర్షన్ నుంచి, ఎవరికి ప్రవేశముందో స్పష్టంగా చెప్పనిదే హబ్ ఎవరినీ లోనికి రానివ్వదు. లాగిన్ కుదరడం లేదని విసిగి అందరికీ తలుపులు తీసేయకుండా, తరగతి జాబితాలోని పేర్లనే చేర్చండి. హెచ్‌టీటీపీఎస్ లేకుండా హబ్ మామూలుగా వాడే 8000 పోర్టును బయటి ప్రపంచానికి తెరవవద్దు. ఒకరి పేజీలోని జావాస్క్రిప్ట్ మరొకరి సెషన్‌ను వాడుకునే ప్రమాదాన్ని తగ్గించడానికి, ఒక్కొక్కరికీ విడి సబ్‌డొమైన్ (వేరు వెబ్ చిరునామా) కేటాయించే వీలు హబ్‌లోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. డాకర్ ఎంచుకుంటే, కంటెయినర్ తొలగించినప్పుడు విద్యార్థుల పని పోతుందా?

జవాబు 1:
వాల్యూమ్ (కంటెయినర్ పోయినా మిగిలే నిల్వ స్థలం) జోడించకపోతే పోతుంది. ప్రతి విద్యార్థికీ విడి వాల్యూమ్ జోడించండి. డాకర్ సాకెట్‌ను (డాకర్‌కు ఆదేశాలు పంపే దారిని) మాత్రం ఏ విద్యార్థి కంటెయినర్‌లోకీ పంపవద్దు, దానితో యంత్రమంతా వారి చేతికి వచ్చేస్తుంది.