ప్రెప్: రోజూ మాత్రా, అవసరానికి మాత్రా, ఇంజెక్షనా?

రాత్రిషిఫ్టు: హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే ప్రెప్ గురించి అడుగుతున్నా. వయసు 24, హైదరాబాద్‌లో హాస్టల్, నాకు అబ్బాయిలంటేనే ఇష్టం. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ కలిపిన మాత్ర రోజుకొకటి వేసుకోమని డాక్టర్ రాశారు. టెస్టులన్నీ అయ్యాయి. ఇంకా మొదలుపెట్టలేదు. ఆరు నెలలకోసారి వేసే లెనకపవిర్ ఇంజెక్షన్ ఇక్కడికి చౌకగా వచ్చేదాకా ఆగుదామని ఉంది. వాడేవాళ్లు ఏది ఎంచుకున్నారు, ఎందుకు?

గోదావరి_గట్టు: ఆగడమేంటి తమ్ముడూ? చౌక రకం 2027 నుంచి అన్నారు. ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామన్న డాక్టర్ రెడ్డీస్, హెటిరో రెండూ మన హైదరాబాద్ కంపెనీలే, సంతోషం. అప్పటిదాకా తలుపేసుకుని కూర్చుంటావా? చేతిలో ఉన్నది వేసుకో. రాత్రి అన్నం తినగానే ఒకటి. అందులో కష్టమేముంది?

వీకెండ్_విజయ్: రోజూ ఎందుకు బ్రో? నాది 2-1-1. కలవడానికి 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, ఆ డోసు పడిన 24 గంటలకి ఒకటి, 48 గంటలకి ఇంకొకటి. ఫ్రాన్స్, కెనడాల్లో జరిగిన ఇపర్‌గే ట్రయల్‌లో ముప్పు 86 శాతం తగ్గింది. మగవాళ్లతో కలిసే మగవాళ్లకి ఇది సరిపోతుందని 2019లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్పింది. ఎప్పుడో ఒకసారి కలిసేవాడికి నెలకి 30 మాత్రలు దేనికి?

కిడ్నీ_జాగ్రత్త: మా బాబాయికి క్రియాటినిన్ పెరిగి డయాలసిస్ దాకా వెళ్లింది. టెనోఫోవిర్ వేసుకునే ముందు కిడ్నీల గురించి ఆలోచించుకోండి.

వీకెండ్_విజయ్: మీ బాబాయి ప్రెప్ వాడారా?

కిడ్నీ_జాగ్రత్త: లేదు, షుగర్. పాయింట్ అది కాదు.

ల్యాబ్_కోటు: అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూస్తారు. హెపటైటిస్ బి కూడా చూస్తారు, ఎందుకంటే టెనోఫోవిర్ ఆ వైరస్‌నీ అణచి ఉంచుతుంది, ఆపేస్తే అది మళ్లీ విజృంభించొచ్చు. వేస్తూ ఆపుతూ ఉండే విజయ్ గారూ, మీరు చేయించుకున్నారా?

వీకెండ్_విజయ్: చేయించా. నెగెటివ్.

పాతబస్తీ_చాయ్: కండోమ్ ఉండగా ఇదంతా ఎందుకు?

ల్యాబ్_కోటు: రెండూ వాడితే ఇంకా మంచిది. సిఫిలిస్‌నీ గనేరియానీ ప్రెప్ ఆపదు.

అట్లాంటా_అన్న: నేను లెనకపవిర్ మీదే ఉన్నా. 2025 జూన్‌లో ఇక్కడ అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పుడు కంపెనీ పెట్టిన ధర ఏడాదికి 28,218 డాలర్లు, నాది ఇన్సూరెన్స్ కడుతోంది. మొదటి రోజు పొట్ట చర్మం కింద రెండు సూదులు, రెండు మాత్రలు, మర్నాడు మళ్లీ రెండు మాత్రలు. తర్వాత ఆరు నెలలు దాని ఊసే ఉండదు. సూది పడిన చోట చిన్న గడ్డ మాత్రం చాన్నాళ్లు చేతికి తగిలింది. మగవాళ్లూ ట్రాన్స్ వాళ్లూ ఉన్న పర్పస్ 2 ట్రయల్‌లో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,179 మందిలో ఇద్దరికే హెచ్ఐవీ వచ్చింది. కుర్రాడు కోరుకున్నదాంట్లో తప్పేముంది?

గోదావరి_గట్టు: తప్పని ఎవరన్నారు? లేనిదాని కోసం ఉన్నది మానేయడం తప్పంటున్నా. రోజుకో మాత్ర గుర్తుపెట్టుకోలేరా?

రాత్రిషిఫ్టు: గుర్తుండకపోవడం కాదన్నా. సొరుగులో డబ్బా పెట్టాను, సీలు కూడా తీయలేదు. చార్జర్ కోసం వెతుకుతూ రూమ్మేట్ దాన్ని పట్టుకుని ఫోన్‌లో పేరు కొట్టాడు. హెచ్ఐవీ మందు అని వచ్చింది. ఫ్రెండ్‌దని చెప్పి తప్పించుకున్నా. నాకు ఆ జబ్బు ఉందని ఊళ్లో తెలిస్తే అమ్మ బతకదు. ఇంజెక్షన్ అయితే ఏ సొరుగులోనూ దొరకదు.

వీకెండ్_విజయ్: నేనూ అందుకే పర్సులో నాలుగే పెట్టుకుంటా. డబ్బా ఎవరి కంటా పడదు.

గోదావరి_గట్టు: ఇప్పుడొచ్చింది అసలు మాట. ఆ జబ్బు ఉన్నవాణ్ణి నేను. లారీ నడిపే రోజుల్లో వచ్చింది. ఇప్పుడు వేసుకునే హెచ్ఐవీ మాత్ర టీఎల్‌డీలో ఉన్నదీ ఆ టెనోఫోవిరే. మా వదిన నా గ్లాసు వేరుగా బోర్లించేది, అయినా ఆమె ముందే మాత్ర మింగాను. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్, టెస్టులో కనపడనంత తగ్గింది, సంబంధం వల్ల నా నుంచి ఎవరికీ అంటదని డాక్టరే చెప్పారు. సౌకర్యం, ట్రయల్, శాతం అని ఇంతసేపు కబుర్లు చెప్పి, మీ అందరి భయమూ నాలాంటివాడిలా కనబడతామనేనా?

అట్లాంటా_అన్న: అన్నా, వాడు ఆ ఉద్దేశంతో అనలేదు.

గోదావరి_గట్టు: ఏ ఉద్దేశంతో అన్నా నాకు వినిపించింది అదే. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ లైన్లో నాతో నిలబడ్డవాళ్లలో మందు దాచుకున్నవాళ్లే ముందు మానేశారు. దాచుకునేవాడికి ఏ మందూ పనిచేయదు.

అట్లాంటా_అన్న: మాత్ర పనిచేయకపోవచ్చు. 2010లో ఐప్రెక్స్ ట్రయల్‌లో మొత్తమ్మీద ముప్పు 44 శాతమే తగ్గింది, చాలామంది రక్తంలో అసలు మందే లేదు. మర్చిపోయారో, దాచలేక మానేశారో! అలాంటివాళ్లకే సూది.

రాత్రిషిఫ్టు: గోదావరి అన్నా, మీ మనసు నొప్పించాలని కాదు. కానీ మీ ఇంట్లో జబ్బు ఒక్కటే తెలిసింది. లారీ అనగానే మిగతాది వాళ్లే ఊహించుకుని ఊరుకుని ఉంటారు. నా డబ్బా దొరికితే జబ్బు లేదని నిరూపించుకోగలను, రిపోర్టు ఉంది. మరి లేని జబ్బుకి మందెందుకు అని నాన్న అడిగితే? అక్కడ నేనెవరో చెప్పాలి. 377 సెక్షన్ విషయంలో, మాలాంటివాళ్ల సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే తీర్పిచ్చింది, మా ఇంటిదాకా అది రాలేదు.

గోదావరి_గట్టు: అది నేను అడగలేదు. నువ్వూ ముందు చెప్పలేదు. అయినా 2027 దాకా ఖాళీగా ఉంటానంటే మాత్రం ఒప్పుకోను.

రాత్రిషిఫ్టు: ఆఫీసులో లాకర్ ఉంది. షిఫ్టు మొదట్లో వేసుకోవచ్చు. సెలవు రోజులకి విజయ్ బ్రో చెప్పినట్టు పర్సులో.

ల్యాబ్_కోటు: పర్సులో విడిగా వద్దు, తేమ తగిలితే పాడవుతుంది. మూత బిగుతుగా ఉండే చిన్న డబ్బీ కొనుక్కోండి. మూడు నెలలకోసారి హెచ్ఐవీ టెస్ట్ తప్పనిసరి, ఇంజెక్షన్‌కి మారేముందు కూడా.

కిడ్నీ_జాగ్రత్త: క్రియాటినిన్ ఎంతొచ్చింది?

రాత్రిషిఫ్టు: 0.9 అండి.

కిడ్నీ_జాగ్రత్త: నీళ్లు బాగా తాగు.