రాత్రి బ్యాకప్ టైమ్‌లో విండోస్ వీఎం దానంతటదే ఆగిపోతోంది – ప్రాక్స్‌మాక్స్ 8, జెడ్‌ఎఫ్‌ఎస్

జమాఖర్చు

ఆఫీసులో ఒకే బాక్సు మీద ప్రాక్స్‌మాక్స్ (ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు, జెడ్‌ఎఫ్‌ఎస్ (ఫైల్ సిస్టమ్) మిర్రర్. మొదట వెర్షన్ 7 వేశాం, తర్వాత 8కి అప్‌గ్రేడ్ చేశాం. దాని మీద ఉన్నవి ఇవి:

101 – విండోస్ సర్వర్ 2019, 16 జీబీ. ట్యాలీప్రైమ్, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆరుగురు.
102 – ఉబుంటు 22.04, 8 జీబీ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్.
103 – కంటైనర్, 2 జీబీ, ఫైల్ షేర్.

వారంలో రెండు మూడు రాత్రులు 101 ఆగిపోతోంది. పొద్దున వచ్చేసరికి వెబ్ స్క్రీన్‌లో 'స్టాప్డ్' అని ఉంటుంది. స్టార్ట్ నొక్కితే మామూలుగానే లేస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41, దాని పక్కనే 6008. బ్లూ స్క్రీన్ జాడ లేదు, డంప్ ఫైల్ లేదు. 102, 103కి ఏమీ కావడం లేదు. బ్యాకప్ రాత్రి 1 గంటకు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లోకి వెళ్తుంది. విండోస్ అప్‌డేట్లు ఆపి చూశాం, వర్ట్‌ఐఓ డ్రైవర్లు కొత్తవి వేశాం. తేడా లేదు. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

కెర్నల్‌కబుర్లు

విండోస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. వీఎం పడిపోయిందంటే మూడు రకాలు, ముందు మీది ఏదో తేలాలి.

గెస్ట్ (వీఎంలో నడిచే విండోస్) లోపల క్రాష్ అయితే వీఎం రీబూట్ అవుతుంది, లేదా నీలం తెరతో నిలబడిపోతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో మాత్రం 'రన్నింగ్' అనే కనిపిస్తుంది. ఈవెంట్ 41 తెరిచి వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ చూడండి. అది 0 కాకపోతే తప్పు విండోస్ లోపల ఉంది. 0 అయితే కరెంటు తీగ లాగేసినట్టు బయటినుంచి ఆగిపోయిందన్న మాట.

స్టోరేజీ నిండిపోతే వీఎం ఆగదు, పాజ్ అవుతుంది. పేరు పక్కన పసుపు త్రికోణం, స్టేటస్‌లో 'ఐఓ-ఎర్రర్' వస్తుంది. ఎల్‌వీఎం-థిన్ పూల్ 100 శాతానికి చేరినప్పుడు ఇదే జరుగుతుంది.

వీఎం పూర్తిగా 'స్టాప్డ్' అయ్యిందంటే హోస్ట్ (అసలు మెషీన్) మీద ఆ వీఎంను నడిపే కేవీఎం ప్రాసెస్సే చచ్చిపోయింది. ఎవరో చంపి ఉండాలి, లేదా సెగ్‌ఫాల్ట్‌తో (తనది కాని మెమరీ అడ్రస్‌ను ముట్టుకుని) అదే పోయి ఉండాలి. మీది ఇదే అనిపిస్తోంది. కారణం హోస్ట్ లాగ్‌లో ఉంటుంది, గెస్ట్ లోపల ఎంత వెతికినా దొరకదు.

హోస్ట్ షెల్‌లో జర్నల్‌సీటీఎల్ (సిస్టమ్ లాగ్) తెరిచి, ఆగిపోయిన రాత్రి 12.50 నుంచి 2 గంటల దాకా ఉన్న భాగం ఇక్కడ పెట్టండి. 'ఊమ్' (అవుట్ ఆఫ్ మెమరీ), 'కిల్డ్ ప్రాసెస్', 'సెగ్‌ఫాల్ట్', '101.స్కోప్' అన్న మాటలున్న లైన్లు ముఖ్యం. అలాగే '--లిస్ట్-బూట్స్' ఆప్షన్‌తో ఒకసారి చూడండి. హోస్టే రీబూట్ అయ్యి ఉంటే అది యూపీఎస్ కథ, దారి వేరు.

జమాఖర్చు

బగ్‌చెక్‌కోడ్ 0. హోస్ట్ రీబూట్ కాలేదు. 1.17కి ఈ లైన్లు ఉన్నాయి:

అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్ 48213 (కేవీఎం), ఎనాన్-ఆర్‌ఎస్‌ఎస్: 16913408 కేబీ
101.స్కోప్: ఫెయిల్డ్ విత్ రిజల్ట్ 'ఊమ్-కిల్'

అంటే మెమరీ చాలలేదనా? 16 + 8 + 2 కలిపితే 26 కదా, ఇంకా 6 మిగలాలి. ట్యాలీ ఏమైనా మెమరీ లీక్ చేస్తోందా? పగలు 101 సమ్మరీలో 90 శాతం పైనే చూపిస్తోంది.

కెర్నల్‌కబుర్లు

ట్యాలీ లీక్ చేసినా అది 101కి ఇచ్చిన 16 జీబీ లోపలే. హోస్ట్‌ను ముంచలేదు. ఊమ్ కిల్లర్ తప్పు చేసినవాణ్ని వెతకదు, ఎక్కువ మెమరీ పట్టుకున్నవాణ్ని చూసి చంపుతుంది. మీ బాక్సులో అది ఎప్పుడూ 101. అందుకే 102కి ఏమీ కావడం లేదు. అంతేగాని 102 అమాయకురాలని కాదు.

ఆ లైన్‌కి పైన ప్రాసెస్‌ల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో ఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ పట్టుకున్న ర్యామ్) కాలమ్ కేబీల్లో కాదు, 4 కేబీ పేజీల్లో. 4194304 అంటే 16 జీబీ. ఆ కాలమ్ మొత్తం కూడితే 32కి చేరదు, చాలా తక్కువే వస్తుంది. మిగతాది జెడ్‌ఎఫ్‌ఎస్ ఆర్క్, అంటే డిస్కు డేటాను ర్యామ్‌లో ఉంచుకునే దాని క్యాష్. అది కెర్నల్ మెమరీ కాబట్టి పట్టికలో కనబడదు. 'ఫ్రీ' కమాండ్‌లో కూడా క్యాష్ కింద కాక 'యూజ్డ్' కింద లెక్కకొస్తుంది. 'ఆర్క్‌స్టాట్' నడిపితే అసలు సైజు తెలుస్తుంది.

మీరు వెర్షన్ 7 నుంచి వచ్చారు కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఆర్క్ గరిష్ఠ పరిమితిని ర్యామ్‌లో 10 శాతానికి, ఎంత పెద్ద మెషీన్ అయినా 16 జీబీ మించకుండా, ఇన్‌స్టాలరే పెడుతుంది. పాత ఇన్‌స్టలేషన్‌ను అప్‌గ్రేడ్ చేస్తే ఆ పరిమితి రాదు. పాత అలవాటు ప్రకారం ర్యామ్‌లో సగం, అంటే మీకు దాదాపు 15.6 జీబీ దాకా పెరిగే హక్కు దానికి ఉంటుంది. ఒత్తిడి వస్తే ఆర్క్ తగ్గుతుంది, నిజమే. కానీ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2లో ఒక్కో విడతకు ఇంతే వదలాలని ఒక పరిమితి ఉంది, దాదాపు 160 ఎంబీ. ఎవరైనా గబుక్కున 2 జీబీ అడిగితే అంత వేగంగా ఖాళీ చేయలేదు.

1.15 ప్రాంతంలో 102లో ఏదైనా క్రాన్ (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే పని) ఉందా? పోస్ట్‌గ్రెస్ డంప్ (డేటాబేస్ కాపీ) లాంటిది?

జమాఖర్చు

ఉంది. పీజీ_డంప్, 1.15కి. డేటాబేస్ దాదాపు 5 జీబీ. అయితే 102 లోపల 'ఫ్రీ' చూస్తే ఎప్పుడూ 5 జీబీ పైనే ఖాళీ ఉంటోంది.

కెర్నల్‌కబుర్లు

ఆ 'ఖాళీ' 102కి ఖాళీ, హోస్ట్‌కి కాదు. డంప్ చదివిన ఫైళ్లన్నీ ఉబుంటు తన పేజ్ క్యాష్‌లో ఉంచుకుంటుంది. దాని దృష్టిలో అది ఎప్పుడైనా వదిలేయగల మెమరీ. హోస్ట్ దృష్టిలో మాత్రం గెస్ట్ ఒకసారి ముట్టుకున్న పేజీ గెస్ట్‌దే. బెలూన్ (గెస్ట్ నుంచి మెమరీ తిరిగి తీసుకునే ఏర్పాటు) వెనక్కి లాక్కుంటే తప్ప వీఎం ఆగేదాకా తిరిగి రాదు. అటు బ్యాకప్ డిస్కులన్నీ చదువుతూ ఆర్క్‌ను నింపుతోంది, ఇటు డంప్ 102ను ఉబ్బిస్తోంది. రెండూ 1.15కి కలుస్తున్నాయి. అంచు అంత సన్నగా ఉన్నప్పుడు ఆ రోజు ఎవరు ఎంత పట్టుకున్నారన్నదాన్ని బట్టి ఒక రాత్రి గడిచిపోతుంది, ఒక రాత్రి పడిపోతుంది.

లెక్క ఇలా వేసుకోండి. 32 జీబీలో హోస్ట్‌కి కనిపించేది 31 చిల్లర. వీఎంలు 24, కంటైనర్ 2, రెండు కేవీఎంల సొంత ఖర్చు అర జీబీ, హోస్ట్ సేవలు ఒకటిన్నర. 28 అయిపోయింది. మిగిలిన 3లో ఆర్క్, యూఎస్‌బీకి రాసే బఫర్లు, బ్యాకప్ కంప్రెషన్ అన్నీ ఇమడాలి. ఇమడవు.

నేనైతే ఇలా మారుస్తాను. 101ను 12288 ఎంబీకి దించండి. ట్యాలీకి ఆరుగురికి 12 జీబీ ధారాళం. అయినా ముందు టాస్క్ మేనేజర్‌లో 'కమిటెడ్' అంకె పని ఎక్కువున్న వేళ చూసుకోండి. ప్రాక్స్‌మాక్స్ చూపించే 90 శాతాన్ని నమ్మొద్దు. బెలూన్ డ్రైవర్, దాని సర్వీసు రెండూ నడవకపోతే అది హోస్ట్ వైపు అంకె.

ఆర్క్‌కు 3 జీబీ. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి లోని జెడ్‌ఎఫ్‌ఎస్.కాన్ఫ్‌లో ఒక్క లైనే: ఆప్షన్స్ జెడ్‌ఎఫ్‌ఎస్ జెడ్‌ఎఫ్‌ఎస్_ఆర్క్_మ్యాక్స్=3221225472. అంకె బైట్లలోనే ఇవ్వాలి. మీ రూట్ కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు -కె ఆల్' తప్పనిసరి, తర్వాత హోస్ట్ రీబూట్. ఇది మరచిపోతే ఫైల్‌లో కొత్త అంకె, కెర్నల్‌లో పాత అంకె. ఆర్క్ కనిష్ఠం మామూలుగా ర్యామ్‌లో 32వ వంతు, మీకు 1 జీబీ. గరిష్ఠాన్ని దానికి సమానంగా గానీ తక్కువగా గానీ పెడితే పట్టించుకోదు. 3 జీబీతో ఆ ఇబ్బంది లేదు.

పీజీ_డంప్‌ను 11.30కి జరపండి. అది మందు కాదు, కానీ ఖర్చు లేదు.

తీగలమల్లి

101కి బెలూనింగ్ పెట్టి మినిమమ్ 8, మ్యాక్సిమమ్ 16 ఇస్తే సరిపోదా? లేకపోతే 8 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది.

కెర్నల్‌కబుర్లు

బెలూన్ దీనికి పనికిరాదండీ. హోస్ట్ మెమరీ 80 శాతం దాటాక ప్రాక్స్‌మాక్స్ నెమ్మదిగా గెస్ట్‌ల నుంచి లాగడం మొదలుపెడుతుంది. ఇక్కడ క్షణాల్లో జరిగేదాన్ని అది అందుకోలేదు. పైగా ఆర్క్ కూడా 'వాడినది'గానే కనబడుతుంది కాబట్టి, ఫైల్ క్యాష్ కోసం విండోస్ మెమరీని కోసినట్టవుతుంది. పగలు ట్యాలీ నెమ్మదిస్తే ఫోన్లు మీకే వస్తాయి.

స్వాప్ మంచిదే, ఎక్కడ పెడతారన్నదే ప్రశ్న. జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఇన్‌స్టాల్ చేస్తే ప్రాక్స్‌మాక్స్ స్వాప్ పెట్టదు. అలాగని జెడ్‌వాల్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లోని వర్చువల్ డిస్కు) మీద స్వాప్ పెట్టకండి. మెమరీ లేక స్వాప్‌లోకి రాయబోతే, ఆ రాయడానికే జెడ్‌ఎఫ్‌ఎస్‌కు మెమరీ కావాలి. హోస్ట్ మొత్తం బిగుసుకుపోవచ్చు, ఒక వీఎం పోవడం కంటే అది ఘోరం. వేరే డిస్కులో విడి పార్టిషన్ ఉంటే 4 జీబీ ఇచ్చి స్వాపీనెస్ (స్వాప్‌ను ఎంత తొందరగా వాడాలన్న అంకె) 10 పెట్టండి.

101కి ఊమ్ స్కోరు తగ్గించమని కూడా కొందరు చెబుతారు. అప్పుడు 102 చస్తుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్లకు ఫోన్ చేయాల్సి వస్తుంది, అంతే తేడా.

మూడోఅర

యూఎస్‌బీ డిస్కు సంగతి ఎవరూ ఎత్తలేదు. నెమ్మదైన యూఎస్‌బీలోకి బ్యాకప్ రాస్తున్నప్పుడు, డిస్కుకు చేరని డేటా హోస్ట్ మెమరీలో పోగవుతుంది. దీనికి మామూలు హద్దు 'వీఎం.డర్టీ_రేషియో', 20 శాతం. సిస్‌సీటీఎల్‌లో 'వీఎం.డర్టీ_బైట్స్' 268435456 ఇస్తే 256 ఎంబీ దగ్గర ఆగుతుంది. /ఈటీసీ/వీజడ్‌డంప్.కాన్ఫ్‌లో 'బీడబ్ల్యూలిమిట్: 51200' పెడితే చదివే వేగం సెకనుకు 50 ఎంబీ దాటదు. బ్యాకప్ కొంచెం ఆలస్యం అవుతుంది, పర్లేదు.

ఇంకొకటి, ఇన్నిసార్లు మధ్యలో చచ్చిన వీఎంలో ట్యాలీ డేటా బాగుందో లేదో చూసుకున్నారా? కేవీఎంను చంపినప్పుడు హోస్ట్‌దాకా చేరిన రాతలు ఉంటాయి, విండోస్ తన ర్యామ్‌లో పట్టుకున్నవి పోతాయి. ఆ టైమ్‌లో ఎవరైనా కంపెనీ తెరిచి వదిలి వెళ్లి ఉంటే అనుమానించాల్సిందే. ముందు కంపెనీ డేటా ఫోల్డర్ మొత్తం వేరే చోటికి కాపీ చేయండి, తర్వాతే ఆల్ట్+వై నొక్కి రిపేర్. కాపీ లేకుండా రిపేర్ నొక్కకండి. రాత్రి సెషన్లు తెరిచి ఉంచే అలవాటు మాన్పించడానికి రిమోట్ డెస్క్‌టాప్ పాలసీలో ఖాళీగా ఉన్న సెషన్‌కు 2 గంటల గడువు పెట్టండి, గడువు తీరగానే సెషన్ ముగిసేలా.

పెన్నాతీరం

ఇక్కడే అడుగుతున్నాను, నాది కూడా 'స్టాప్డ్' అవుతోంది. కానీ ఊమ్ లైన్ లేదు. 'కేవీఎం సెగ్‌ఫాల్ట్' అని ఉంటోంది, ఒక్కోసారి ఒక్కో అడ్రస్. 64 జీబీలో సగం ఖాళీ. ప్రాసెసర్ ఇంటెల్ 13వ తరం ఐ9.

కెర్నల్‌కబుర్లు

మీది పూర్తిగా వేరే దారి. ఎప్పుడూ ఒకే అడ్రస్ అయితే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించవచ్చు. ఒక్కోసారి ఒక్కో చోట పడుతోందంటే ముందు హార్డ్‌వేర్. ఎక్స్‌ఎంపీ ఆపేసి ర్యామ్‌ను మామూలు వేగానికి దించండి, మెమ్‌టెస్ట్86+ రాత్రంతా, కనీసం 4 పాస్‌లు. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్‌లు విడివిడిగా పరీక్షించాలి.

ర్యామ్ శుభ్రంగా తేలితే ప్రాసెసర్. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో వోల్టేజీ వల్ల స్థిరత్వం దెబ్బతినే సమస్యను ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ విడుదల చేసింది. మీది ఏదో /ప్రాక్/సీపీయూఇన్ఫోలో 'మైక్రోకోడ్' లైన్‌లో కనిపిస్తుంది. పాతదైతే మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ చేయండి. అయితే మైక్రోకోడ్ ఇక ముందు జరిగే నష్టాన్ని ఆపుతుందే కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. అప్‌డేట్ తర్వాత కూడా సెగ్‌ఫాల్ట్ వస్తే వారంటీకి పంపండి. బాక్సుగా కొన్న ఆ చిప్‌లకు ఇంటెల్ వారంటీని 2 ఏళ్లు పొడిగించింది, బిల్లు వెతికి పెట్టుకోండి. దీనికి విడి థ్రెడ్ తెరిచి మెమ్‌టెస్ట్ ఫలితం పెట్టండి, ఇక్కడ కలిస్తే ఇద్దరికీ గందరగోళం.

జమాఖర్చు

101ను 12కి దించాను. కమిటెడ్ 9 జీబీ దాటడం లేదు. ఆర్క్ 3 జీబీ పెట్టి రీబూట్ చేశాను, ఆర్క్‌స్టాట్‌లో 'సి' కాలమ్ 3.0జీ చూపిస్తోంది. డర్టీ_బైట్స్ కూడా పెట్టాను. రాత్రిదాకా ఆగకుండా పరీక్షించే దారి ఉందా?

కెర్నల్‌కబుర్లు

ఉంది. ఆదివారం ఎవరూ లేనప్పుడు బ్యాకప్ జాబ్‌లో 'రన్ నౌ' నొక్కి, అదే సమయంలో 102లో పీజీ_డంప్ చేత్తో మొదలుపెట్టండి. ఒక షెల్‌లో 'ఆర్క్‌స్టాట్ 5', ఇంకో షెల్‌లో 'వాచ్ ఫ్రీ -ఎం' తెరిచి ఉంచండి. 'అవైలబుల్' కాలమ్ 1500 కిందికి వెళ్లకపోతే చాలు. వెళ్తే ఆర్క్‌ను 2147483648కి, అంటే 2 జీబీకి దించండి, 102ను 6 జీబీకి.