ఇంగ్లీషు పీరియడ్‌లో మీకు ఏమేం జరిగాయో చెప్పండి

మూడో_వరుస:
అందరికీ నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక పల్లెలో, ప్రభుత్వ పాఠశాలలో పదో తరగతి వరకు చదివి, ఇప్పుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. మా బడి పేరుకు ఇంగ్లీషు మీడియమే అయినా, లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండేవి కాబట్టి మాకు పెద్దగా బెంగ ఉండేది కాదు. ఇంగ్లీషు వాచకానికి మాత్రం ఆ ఎదుటి పేజీ లేదు. ఆ లోటును మా సారే తీర్చేవారు. "వన్స్ దేర్ లివ్డ్ ఎ కింగ్, అంటే, ఒకానొకప్పుడు ఒక రాజు ఉండేవాడు, హి హాడ్ త్రీ సన్స్, అంటే, ఆయనకు ముగ్గురు కొడుకులు" అని ఆయన చదువుతూ ఉంటే, ఇంగ్లీషు ముక్కకు తలలు వంచి, తెలుగు ముక్కకు తలలు ఎత్తి, తరగతి మొత్తం గాలికి ఊగే వరిచేనులా కనిపించేది.

అసలు భయమంతా రీడింగ్ రోజున ఉండేది. ఒక్కొక్కరు ఒక్కో పేరా చదవాలి. నేను వరుసలో తొమ్మిదోదాన్ని కాబట్టి, మొదటి అమ్మాయి నోరు తెరవకముందే తొమ్మిదో పేరా వెతికి పట్టుకుని, నోరు తిరగని మాటల మీద పెన్సిలుతో తెలుగులో రాసుకుని, పెదవులు కదలకుండా పదిసార్లు చదువుకునేదాన్ని. ఒకసారి సరిగ్గా తన వంతు వచ్చేసరికి ఆరో అమ్మాయికి దగ్గు వచ్చి మంచినీళ్లకు వెళ్లింది. లెక్క మొత్తం ఒక పేరా వెనక్కి జరిగింది. నేను ముఖమైనా చూడని ఎనిమిదో పేరా నా నెత్తిన పడింది. అందులో మొదటి మాటే లెఫ్టినెంట్. ఉన్న అక్షరాలన్నింటికీ న్యాయం చేయాలన్న ఉద్దేశంతో "లై-యు-టె-నాంట్" అని చదివాను. సారు కళ్లజోడు తీసి, "ఆయన ఎవరమ్మా?" అని అడిగారు. ఇప్పటికీ ఊళ్లో నా స్నేహితురాళ్లు నన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నారు. మీ తరగతి గదుల్లో జరిగిన ముచ్చట్లు కూడా రాయండి.

పాలమూరు_నేస్తం:
చెల్లీ, మా బడిలో మాకు వచ్చిన సెలవు చీటీ ఒక్కటే: "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్." ఏడో తరగతిలో ఉండగా మా పొలంలో నాట్లు పడుతున్నాయని, నారు కట్టలు అందించడానికి మనిషి కావాలని మా నాన్న రెండు రోజులు సెలవు అడగమన్నాడు. నాట్లను ఇంగ్లీషులో ఏమంటారో తెలియక, తెలిసిన జ్వరాన్నే రాసి, స్వయంగా తీసుకుపోయి హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చీటీని చూసి, మోకాళ్ల దాకా బురద ఉన్న నా కాళ్లను చూసి, "జ్వరం ఎన్ని ఎకరాలు?" అని అడిగారు. "రెండెకరాలు సార్" అని నిజం చెప్పేశాను. సెలవు ఇచ్చారు గాని, తిరిగి వచ్చిన రోజున ట్రాన్స్‌ప్లాంటేషన్ అనే మాటను నల్లబల్ల మీద నా చేతనే పదిసార్లు రాయించారు. స్పెల్లింగు తప్పకుండా రాయగలిగిన పొడుగు మాట నాకు ఇవాళ్టికీ అదొక్కటే.

సుద్దముక్క:
నేను ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మూడో వరుస అమ్మాయికి ముందుగా ఒక మాట చెప్పాలి: నువ్వు చదివింది తప్పే గాని, నీ చదువుకు ఒక తర్కం ఉంది. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. 'ల్యూ' అంటే చోటు, 'తెనాం' అంటే పట్టి ఉన్నవాడు. పై అధికారి లేనప్పుడు ఆయన స్థానంలో నిలబడేవాడన్న మాట. రాతలో ఆ ఫ్రెంచి రూపం అలాగే నిలిచిపోగా, నోటి మాట బ్రిటన్‌లో ఒక దారి, అమెరికాలో మరొక దారి పట్టింది.

మన పిల్లలు స్పెల్లింగులను తిట్టుకుంటూ ఉంటారు గాని, వాటిలో చాలావాటికి పాత కథలు ఉన్నాయి. నైఫ్ ముందున్న 'కె' అక్షరాన్ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టిన తరువాత రాత క్రమంగా ఒక రూపానికి కట్టుబడింది. పలుకుబడి మాత్రం ఆగకుండా మారుతూ వచ్చింది. అప్పు అనే అర్థమున్న డెట్‌లోని 'బి' అక్షరం కథ వేరు. పాత ఇంగ్లీషువాళ్లు దాన్ని పలకనూ లేదు, రాయనూ లేదు. లాటిన్ మూలం మీద గౌరవంతో పండితులు తరువాత తెచ్చి అతికించారు. ఈ సంగతి చెప్పిన రోజున వెనుక బెంచీ కుర్రాడొకడు లేచి, "అప్పులో అది వడ్డీ అన్నమాట, మాస్టారూ" అన్నాడు. వాడికి ఆ మాట స్పెల్లింగు మళ్లీ ఎన్నడూ తప్పలేదు.

మరొక సంగతి. బెంగళూరులో నెల రోజుల శిక్షణకు వెళ్లినప్పుడు, తరగతిలో తెలుగు మాట్లాడవద్దని మాకు గట్టిగా నూరిపోశారు. తిరిగి వచ్చి, మూడు రోజుల పాటు ఒక్క తెలుగు ముక్క కూడా దొర్లకుండా పాఠం చెప్పాను. పిల్లలు కిక్కురుమనకుండా కూర్చుంటే, శిక్షణ ఫలించిందని లోలోపల సంతోషించాను. నాలుగో రోజున ఆరో తరగతి పాప ఒకతె నా బల్ల దగ్గరికి వచ్చి, "మా మీద కోపం ఎప్పుడు పోతుంది, మాస్టారూ?" అని బిక్కమొహంతో అడిగింది. మా ఊళ్లో బ్యాంకు మేనేజరు గారికీ, బస్సు కండక్టరుకూ కోపం వస్తేనే ఇంగ్లీషు వస్తుంది మరి. ఆ పిల్లకు తెలిసిన ఇంగ్లీషు అది. ఆ పూటే సగం పాఠం తెలుగులోకి దించాను.

కడప_కారం:
మాస్టారి మాటలు చదివిన తరువాత మా ఎనిమిదో తరగతి గుర్తుకు వచ్చింది. "నీలం సంజీవరెడ్డి భారతదేశానికి ఎన్నో రాష్ట్రపతి?" అన్న ప్రశ్నను ఇంగ్లీషులో అడగమని మా సారు పందెం వేశారు. ఆయనది మా పక్కనున్న అనంతపురం జిల్లాయే కాబట్టి, ఆరో రాష్ట్రపతి అన్న జవాబు మా అందరికీ తెలుసు, ప్రశ్నే దొరకలేదు. "హౌ మెనీ ప్రెసిడెంట్ ఈజ్ సంజీవరెడ్డి?" అని ఒకడు అడిగితే, ఆయన ఒక్కరే అని సారు జవాబిచ్చారు. ఆయనకు ముందు ఎంతమంది రాష్ట్రపతులు ఉన్నారని ఇంకొకడు తిప్పి అడిగాడు గాని, దానికి జవాబు ఐదు. ఒకటి మనమే కలుపుకోవాలి. ఆ మీదట, తాత్కాలికంగా పనిచేసిన జత్తి గారిని లెక్కలో చేర్చాలా వద్దా అని రెండు బెంచీల మధ్య వాదం పుట్టి, గంట కొట్టేదాకా తెగలేదు. ఇంత చిన్న 'ఎన్నో'కు ఇంగ్లీషులో సూటిగా సరిపోయే మాట లేదని తెలిసిన రోజున మాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

అన్నట్టు, 1820లో మా కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. మన 'మేము'కూ 'మనము'కూ కలిపి తన భాషలో ఒక్క 'వి' మాత్రమే ఉందని గ్రహించిన నాడు ఆయన ఏమనుకుని ఉంటాడో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తూ ఉంటుంది.

డాలస్_వాసి:
ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నా, నా నోట్లో ఇంకా మా బడే ఉంది. మనం ఎల్, ఎమ్, ఎన్ అక్షరాలను యల్, యమ్, యన్ అని కదా పలుకుతాము. ఫోనులో నా ఇంటిపేరులోని మొదటి అక్షరం చెప్పమని ఒక ఉద్యోగిని అడిగితే "యస్" అన్నాను. ఆవిడ కూడా "యస్" అని, నేను అక్షరం చెబుతానేమో అని ఎదురుచూసింది. నేను మళ్లీ "యస్" అన్నాను. ఇలా నాలుగుసార్లు ఇద్దరమూ ఒకరి మాటకు ఒకరు తల ఊపుకున్న తరువాత, మా అమ్మాయి ఫోను లాక్కుని చెప్పింది. ద్రాక్షతీగకూ ద్రాక్షసారాకూ నేను ఒకే 'వైన్' పలుకుతున్నానని కూడా అదే పట్టుకుంది. మనకు ఉన్నది ఒక్క 'వ' అయితే నేనేం చేయను? దాని నోరు మూయించడానికి నా దగ్గర ఉన్న ఆయుధం ఒక్కటే: వాళ్ల బాండికూట్ మన పందికొక్కే. నిఘంటువు తెరిచి మరీ చూపించాను.

మూడో_వరుస:
మాస్టారూ, లెఫ్టినెంట్ కథ రేపు మా స్నేహితురాళ్లకు చెబుతాను; ఆ పేరు పోతుందన్న ఆశ మాత్రం నాకు లేదు. ఇంటర్‌లోనూ రీడింగ్ తప్పలేదు. సోమవారం మా వరుస నుంచే మొదలవుతుందట. నేను నాలుగోదాన్ని, నా ముందున్న వాళ్లలో ఇద్దరు పెళ్లికి వెళ్లారు. కాబట్టి రెండో పేరా. అయినా ఎందుకైనా మంచిదని మూడోదీ నాలుగోదీ కూడా చూసుకుంటున్నాను.