అప్‌డేట్: 68 మస్టాంగ్ ఎండలో ఆగిపోయే సమస్య తీరింది

ఈ సమస్య గురించి జూన్‌లో ఇక్కడ నేనే అడిగాను. హ్యూస్టన్‌లో నా 1968 ఫోర్డ్ మస్టాంగ్ కారు, 302 వీ8 ఇంజిన్. కార్బురేటర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ (దాన్ని నడిపే కంప్యూటరే ఈసీయూ) పెట్టించాక, అరగంట నడిపి సిగ్నల్ దగ్గర నిలిపితే ఇంజిన్ ఆగిపోయేది. సెల్ఫ్ కొడితే అంటుకునేది, తాళం వదలగానే మళ్లీ ఆగేది.

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "బండి నడుస్తుండగా ఈసీయూకి ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలువు తమ్ముడూ" అన్న అన్నగారి మాటే నిజమైంది. పాత కార్ల ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13.8, ఈసీయూ స్విచ్ వైరు (తాళం తిప్పగానే ఈసీయూని ఆన్ చేసే వైరు) దగ్గర 8 మాత్రమే! ఇంజెక్షన్ బిగించినవాళ్లు ఆ వైరుని ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి కరెంటు ఇచ్చేది) పాజిటివ్‌కి కలిపారు. ఆ కాలం మస్టాంగ్‌లలో తాళం నుంచి కాయిల్‌కి వెళ్లే గులాబీ రంగు వైరు రెసిస్టెన్స్ వైరు. ఇగ్నిషన్ పాయింట్లు (కాయిల్ కరెంటుని ఆపి వదిలే చిన్న స్విచ్) కాలిపోకుండా ఫోర్డ్ వాళ్లే అలా వోల్టేజ్ తగ్గించి పంపారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం స్టార్టర్ సోలనాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) నుంచి కాయిల్‌కి పూర్తి వోల్టేజ్ వస్తుంది, అందుకే అప్పుడు అంటుకునేది. ఐడిల్‌లో రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరిగేసరికి ఆ 8 ఇంకా పడిపోయేది.

గులాబీ వైరుకి ముందే, తాళం దగ్గర కొత్త వైరు తీసి, దాంతో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) నడిపించి, ఈసీయూకి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా కరెంటు ఇచ్చారు. అంతే.

వేపర్ లాక్ (వేడికి పెట్రోల్ ఆవిరై సరఫరా ఆగడం) అనుకుని నేను మార్చిన ట్యాంకులోని పెట్రోల్ పంపు, చుట్టిన హీట్ షీల్డు దీనికి సంబంధం లేనివి. పెట్రోల్ ప్రెషర్ మొదటినుంచీ 58 పీఎస్‌ఐ దగ్గర కదలకుండానే ఉంది. పంపు కొనేముందు మీటర్ పట్టుకోండి, దయచేసి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎండలో గాల్వెస్టన్ వెళ్లొచ్చాం. ఒక్కసారి కూడా ఆగలేదు.