జెకిల్‌ని మంచివాడు అనొచ్చా? కాస్త చెప్పండి

ఎంఏ ఇంగ్లిష్ సెమినార్ కోసం 1886లో అచ్చయిన స్టీవెన్సన్ నవల, జెకిల్, హైడ్ కథ మీద పేపర్ రాస్తున్నాను. అందులో డాక్టర్ జెకిల్ తను తయారుచేసిన ఒక రసాయన మందు తాగి, హైడ్ అనే మరో మనిషిగా మారుతుంటాడు. గైడ్లన్నీ ఒకటే పాట: జెకిల్ అంటే మంచి, హైడ్ అంటే చెడు. పుస్తకం చదివితే నాకలా అనిపించడం లేదు.

మందు తాగితే బయటికొచ్చేది చెడు ఒక్కటే. జెకిల్ మాత్రం మంచీ చెడూ కలిసిన పాత మనిషిగానే ఉండిపోతాడు. ఆ మందు దైవికమూ కాదు, పైశాచికమూ కాదనీ, మంచి ఉద్దేశంతో తాగి ఉంటే దేవదూతలా బయటికొచ్చేవాడిననీ తనే ఒప్పుకుంటాడు. అంటే తప్పు మందుది కాదు కదా! పైగా హైడ్ పొట్టిగా ఉంటాడు, జెకిల్ బట్టలు అతనికి వదులు. ఇన్నాళ్లూ పరువు కోసం అణచిపెట్టిన చెడు సరిగ్గా ఎదగలేదట.

నన్ను బాగా పట్టేసింది లండన్‌లోని రీజెంట్స్ పార్కులో జరిగే ఘట్టం. బెంచీ మీద కూర్చుని, మిగతావాళ్లకంటే తనే నయమని జెకిల్ లోలోపల మురిసిపోతాడు. సరిగ్గా ఆ క్షణంలో, మందు లేకుండానే హైడ్‌గా మారిపోతాడు. హత్య చేసినప్పుడు కాదు, గర్వపడినప్పుడు!

దీన్నిబట్టి రచయిత గురి మనిషిలోని చెడు మీద కాక, పెద్దమనిషి ముసుగు మీద అని వాదించొచ్చా? మా సార్ మాత్రం డార్విన్ పరిణామ సిద్ధాంతం కోణంలోనే, అంటే హైడ్ మనిషిలో మిగిలిపోయిన జంతువు అన్నట్టుగా రాయమంటున్నారు. హైడ్‌ని కోతితో పోల్చిన మాట నిజమే, కానీ ఆ రెండు వాదనలూ ఒకే పేపర్‌లో ఇముడుతాయా? ఈ నవల పాఠం చెప్పినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్. వచ్చే వారమే సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.