అరసవల్లి సూర్యదేవాలయంలో సూర్యకిరణాలు ఏటా రెండుసార్లే స్వామి పాదాలను ఎందుకు తాకుతాయి?

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం):
నేను ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం బోధిస్తాను. మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ అరసవల్లిలో ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మా పిల్లలందరికీ తెలుసు. "సూర్యుడు రోజూ తూర్పునే ఉదయిస్తాడు కదా టీచర్, మిగతా రోజుల్లో ఎందుకు తాకవు?" అని ఒక అమ్మాయి అడిగింది. భూమి అక్షం వంపే కారణమని చెప్పాను గానీ, ఆ రెండు తేదీలకూ ఉన్న సంబంధాన్ని వివరించలేకపోయాను. దయచేసి ఎవరైనా చెప్పగలరా?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం):
అమ్మా, చిక్కంతా 'రోజూ తూర్పునే' అన్న మాటలో ఉంది. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతంలో మాత్రమే. భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉన్నందువల్ల, ఉదయించే చోటు మన ప్రాంతంలో జూన్‌లో తూర్పు నుంచి ఉత్తరానికి సుమారు 25 డిగ్రీలు, డిసెంబరులో దక్షిణానికి అంతే జరుగుతుంది. ఉత్తరాయణంలో తిరిగి వస్తూ మార్చి 10 నాటికి తూర్పుకు 4 డిగ్రీల దక్షిణంగా ఉంటుంది. దక్షిణాయనంలో వెళ్తూ అక్టోబరు 2 నాటికి దాదాపు అక్కడికే చేరుతుంది. ఒకటి విషువత్తుకు (పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉండే రోజుకు) సుమారు పది రోజుల ముందు, మరొకటి ఇంచుమించు అన్ని రోజుల తర్వాత. గుడి ద్వారాల వరుస ఒకే దిక్కుకు ఉంటుంది కనుక, ఆ చోటు నుంచి వచ్చే వెలుగే లోపలిదాకా వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు సార్. అయితే అది రెండేసి రోజులకే ఎందుకు పరిమితమవుతుంది?

జవాబు (అదే అధ్యాపకుడు):
విషువత్తుల దగ్గర ఉదయించే చోటు రోజుకు సుమారు 0.4 డిగ్రీలు జరుగుతుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీయే కనుక, రెండు మూడు రోజుల్లోనే వెలుగు పక్కకు తప్పుకుంటుంది. అదే జూన్ 21 ప్రాంతంలో అయితే ఆ చోటు చాలా రోజులపాటు దాదాపు కదలదు.

జవాబు (ఒక తండ్రి, నరసన్నపేట):
మా అబ్బాయి చేత నేను చేయించినది చెబుతాను. మేడ మీద ఒకే చోట నిలబడి, వారానికొకసారి సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు పక్క నుంచి పైకి వస్తున్నాడో నోటుపుస్తకంలో బొమ్మ గీయమన్నాను. ఫిబ్రవరిలో మొదలుపెడితే నెల తిరిగేలోగా తేడా కంటికే తెలిసింది. మీ పిల్లల చేత కూడా చేయించండి, టీచర్ గారూ. మే నెల మధ్యలోనూ జూలై చివరలోనూ మన జిల్లాలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిటారుగా పాతిన కర్రకు కాసేపు నీడే ఉండదు, అదీ చూపించవచ్చు.